బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రాసిన లోపాలు, షెడ్డులో తేలాల్సిన లెక్కలు

2010లో షోరూమ్ నుంచి వచ్చిన కారుకు 2025లో పదిహేనేళ్లు నిండాయి. లైఫ్ ట్యాక్స్ కట్టేశాం, ఇక ఈ బండి కోసం ఆర్టీఏ ఆఫీసు గడప తొక్కే పని లేదనుకున్న ఇళ్లలో, ఆర్‌సీ మీద గడువు తేదీ ఒకటి ఉంటుందన్న సంగతి అప్పుడే గుర్తొస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తీసుకెళ్లి చూపించి, బాగుందనిపించుకుంటే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 మార్చి దాకా కారు రెన్యూవల్ ఫీజు 600 రూపాయలు. ఆ ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు.

పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకే అన్న మాట ఊళ్లలో బాగా పాకింది. అది రెండు వేర్వేరు సంగతులు కలిసిపోవడం వల్ల పుట్టిన భయం. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ శాఖల సొంత వాహనాలకు పదిహేనేళ్ల తర్వాత రెన్యూవల్ ఉండదని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఒక కుటుంబం వాడుకునే కారుకు ఈ రెండూ వర్తించవు. దానికి అడ్డుగా నిలిచేది బండి పరిస్థితి ఒక్కటే. అందుకే పరీక్షలో ఏం రాశారు, దాన్ని ఎలా సరిచేయించాలి అన్నదే అసలు విషయం అవుతుంది.

మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆయన చూసేవాటిలో బ్రేకే ముఖ్యమని ఆ పిలుపులోనే ఉంది. టాక్సీలు, ఆటోలు, స్కూలు బస్సుల వాళ్లకు ఈ పరీక్ష కొత్త కాదు. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా వాళ్లు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించుకోవాలి. సొంత కారు వాళ్లకు మాత్రం ఇది పదిహేనేళ్ల తర్వాత వచ్చే మొదటి పరీక్ష. అంతకాలం ఆ బండిని బయటివాళ్లెవరూ భద్రత కోసం పరీక్షించలేదు. ఏడాదికోసారి ఆయిల్ మార్చడం, పొగ సర్టిఫికెట్ తీసుకోవడం, అంతే. కాబట్టి లోపాలు ఒకటి కాకుండా నాలుగైదు ఒకేసారి బయటపడటం మామూలే. దానికి కంగారు పడి, ఎలాగోలా ఈ రోజు గట్టెక్కిస్తే చాలనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ఆ రోజు గట్టెక్కించే పద్ధతులు చాలానే ఉన్నాయి. పరీక్ష రోజుకు వేరే బండి టైర్లు బిగించి, కాగితం చేతికి రాగానే విప్పేయడం వాటిలో ఒకటి. హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ని ఆ పూటకు బిగించి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ కంటికి బండి బాగానే కనిపిస్తుంది, సంతకం పడుతుంది. మర్నాడు అదే బండిలో పిల్లలు బడికి వెళ్తారు. బండి ఐదేళ్లు రోడ్డు మీద తిరగడానికి ఇచ్చే కాగితాన్ని ఒక్కపూట పనితో తెచ్చుకుంటే నష్టపోయేది ఆ ఇంటివాళ్లూ, రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లూ.

ఇలాంటి సర్దుబాట్లను పట్టుకోవడానికే యంత్రాలతో నడిచే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మనిషి చూసేదానికీ యంత్రం చూసేదానికీ తేడా ఏమిటో తెలిస్తే చేతికొచ్చిన రిపోర్టును చదవడం తేలికవుతుంది. ఇన్‌స్పెక్టర్ బండి నడిపి సడన్‌గా బ్రేక్ వేసి చూస్తే, బండి మొత్తంగా ఆగిందా లేదా అన్నది తెలుస్తుంది. ఆ స్టేషన్‌లో చక్రాలను తిప్పే రోలర్ల మీద నిలబెడితే ఒక్కో చక్రానికి బ్రేక్ ఎంత బలంగా పట్టిందో విడివిడిగా తెలుస్తుంది. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలే చేస్తాయి. వెనక ఎడమ చక్రం బ్రేక్ పూర్తిగా చచ్చిపోయినా, పొడి రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లే కారు బాగానే ఆగినట్టు అనిపిస్తుంది. వాన పడి రోడ్డు తడిగా ఉన్నప్పుడు, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాన్లు ఉన్నప్పుడు అదే కారు గట్టిగా బ్రేక్ వేస్తే ఓ పక్కకు తిరిగిపోవచ్చు. ఏళ్లుగా నడిపేవాళ్లకు కూడా తెలియని ఈ లోపం రోలర్ మీద నిమిషంలో బయటపడుతుంది.

అయితే యంత్రమైనా మనిషైనా చెప్పేది లక్షణమే. వెనక ఎడమ బ్రేక్ తక్కువగా ఉంది అని రిపోర్టు చెబుతుంది. ఎందుకు తక్కువగా ఉందో చెప్పదు. ఆ ఎందుకు అన్నది షెడ్డులో చక్రం విప్పితేనే తేలుతుంది. డ్రమ్ము బ్రేక్ అయితే లోపలి వీల్ సిలిండర్ కారి, బ్రేక్ ఆయిల్ లైనింగ్ మీద పడి ఉండవచ్చు. అప్పుడు లైనింగ్ మార్చి, సిలిండర్‌ని అలాగే వదిలేస్తే నెల తిరక్కుండా కొత్త లైనింగ్ కూడా తడిసిపోతుంది. ముందు డిస్క్ బ్రేక్ అయితే ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోవడం పాత కార్లలో తరచూ కనిపిస్తుంది. ఒకవైపు ప్యాడ్ బాగా అరిగి, రెండో వైపుది దాదాపు కొత్తగా ఉంటే అనుమానించాల్సింది దాన్నే. ప్యాడ్లు మార్చి పిన్నులు శుభ్రం చేయకపోతే డబ్బు పోయినట్టే. ప్యాడ్లయినా, లైనింగ్ అయినా, షాకబ్జర్లయినా ఒక ఇరుసుకు రెండు వైపులా జతగానే మార్చాలి. ఒక వైపే మారిస్తే రెండు వైపుల మధ్య తేడా మళ్లీ మొదలవుతుంది. పరీక్షలో రాసిన లోపమే అది.

బ్రేక్ ఆయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి. పదేళ్లుగా డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పోయడమే తప్ప, మొత్తం తీసి మార్చని కార్లు ఎన్నో. శ్రీశైలం నుంచో అరకు నుంచో ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. ఆయిల్‌లో చేరిన నీరు ఆ వేడికి ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకు అణగదు కానీ ఆవిరి అణుగుతుంది. అంతసేపూ గట్టిగా ఉన్న పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. చదునైన నేల మీద చేసే ఫిట్‌నెస్ పరీక్షలో ఇది బయటపడదు. రిపోర్టులో బ్రేకుల గురించి ఏది రాసినా, ఎలాగూ చక్రాలు విప్పుతారు కాబట్టి అప్పుడే ఆయిల్ మార్పించేయాలి. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది.

ఏది ముందు, ఏది వెనక

లోపాలు నాలుగైదు ఉన్నప్పుడు వరుస తప్పితే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. టైర్లు ఒక అంచున అరిగాయి, స్టీరింగ్‌లో ప్లే ఉంది, హెడ్‌లైట్ వెలుగు పైకి పడుతోంది అని మూడు రాశారనుకుందాం. మూడూ వేర్వేరు రిపేర్లలా కనిపిస్తాయి. కానీ చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు చీలి, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వదులైతే చక్రం ఓ పక్కకు వంగి నడుస్తుంది. అందువల్లే టైరు లోపలి అంచు అరుగుతుంది, స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది. ముందు కొత్త టైర్లు వేయిస్తే అవీ కొన్ని వేల కిలోమీటర్లకే అలాగే అరిగిపోతాయి. ముందు అలైన్‌మెంట్ చేయించి తర్వాత బుష్‌లు మారిస్తే ఆ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు మొదట, తర్వాత టైర్లు, ఆపైన అలైన్‌మెంట్, చివరన హెడ్‌లైట్ సెట్టింగ్. స్ప్రింగులు, షాకబ్జర్లు మారితే బండి నిలబడే ఎత్తే మారుతుంది, దాంతో లైటు పడే చోటూ మారుతుంది. అందుకే లైట్లు ఆఖరికి.

హెడ్‌లైట్ల విషయంలో మరో మాట. పాత కార్ల లైటు ముందున్న ప్లాస్టిక్ ఎండకు పసుపు రంగులోకి మారి మసకబారుతుంది. వెలుగు తగ్గిందని హాలోజన్ బల్బు తీసేసి, బజారులో దొరికే తెల్లటి బల్బులు పెట్టిస్తారు. హాలోజన్ కోసం చేసిన అద్దంలో అవి వెలుగును ఇష్టమొచ్చినట్టు చిమ్ముతాయి. ఎదురొచ్చేవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి, నడిపేవాళ్లకు దారి మాత్రం ముందంత బాగా కనిపించదు. ప్లాస్టిక్‌ని పాలిష్ చేయించి, కంపెనీ చెప్పిన బల్బు పెట్టి, ఎత్తు సరిచేయిస్తే చాలాసార్లు ఆ లోపం అక్కడితో తీరిపోతుంది.

టైర్లకు లెక్క స్పష్టంగా ఉంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడిలో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే దాని పని అయిపోయింది. కానీ తక్కువ తిరిగే కార్లలో టైరు అరగకుండానే ముసలిదవుతుంది. టైరు పక్కన ఓవల్ గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. రాయలసీమ ఎండలో, ఖమ్మం ఎండలో ఏళ్ల తరబడి బయట నిలబడిన టైరు గాడి బాగున్నా, పక్క గోడల్లో సన్నటి పగుళ్లు తేలుతుంది. పదేళ్లు దాటితే గాడి ఎంతున్నా వాడొద్దని పెద్ద టైర్ కంపెనీలు చెబుతున్నాయి. అలాంటి టైర్లతో విజయవాడ హైవే మీద వందలో వెళ్లడం ఎంత పాసైన బండికైనా ప్రమాదమే.

పొగ సంగతి కాస్త వేరు. ఇక్కడ ఒకే మోడల్ కారుకు రెండు లెక్కలు ఉండే అవకాశం ఉంది. బండి పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ నిబంధనల్లో నాలుగోది, బీఎస్-4, 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లోనే మొదలైంది. దేశమంతటా రావడానికి 2017 ఏప్రిల్ అయింది. కాబట్టి ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో హైదరాబాద్‌ది బీఎస్-4, కర్నూలుది బీఎస్-3 కావచ్చు. పెట్రోల్ బీఎస్-3 కారు ఐడిల్‌లో, అంటే కదలకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు, వదిలే కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం వరకు ఉండొచ్చు. బీఎస్-4 అయితే 0.3 శాతమే. హైడ్రోకార్బన్ల పరిమితిలో తేడా ఇంకా పెద్దది, 750 పీపీఎం ఒకచోట, 200 ఇంకోచోట. తన బండి ఏ లెక్క కిందికి వస్తుందో ఆర్‌సీలో చూసుకోకుండా యజమాని రిపేరుకు దిగకూడదు.

పొగలో ఫెయిలైన వెంటనే ఇంజిన్ పని అన్న మాట షెడ్డులో వినిపిస్తే తొందరపడనక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువగా పోతుంది, సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా వేడెక్కితేనే పని చేస్తుంది. ఇంటి నుంచి రెండు వీధులు దాటి వచ్చి పైపు పెట్టించుకుంటే రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది. అరగంట నడిపి తీసుకెళ్తేనే నిజమైన అంకె తెలుస్తుంది. అప్పటికీ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్, ఆ వరుసలో చౌకైనవి ముందు చూడాలి. పొగ రంగు కూడా కొంత చెబుతుంది. నల్ల పొగ అంటే ఇంధనం సరిగా కాలడం లేదు. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, అక్కడ మాత్రం ఖర్చు పెద్దదే కావచ్చు.

రాసిచ్చిన లోపానికి ఉన్న బరువు

లోపం కాగితం మీదికి ఎక్కాక బండి యజమాని పరిస్థితి చట్టం దృష్టిలో కొంత మారుతుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ఈ విషయంలోదే. నడిపే మనిషికి తెలిసిన లోపమైనా, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయే లోపమైనా, అది ఇతరులకు ప్రమాదం తెచ్చేదైతే ఆ బండిని రోడ్డెక్కించడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. బ్రేక్ బాగాలేదని రాసిచ్చిన కాగితం జేబులో ఉండగా నాకు తెలియదు అనే మాట నిలవదు. కారు ఇన్సూరెన్స్ పాలసీల్లో బండిని మంచి స్థితిలో ఉంచుకోవాలన్న షరతు కూడా ఉంటుంది.

మన పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. ఏ లోపం ఎంత తీవ్రమైందో యజమానికి అర్థమయ్యేలా వేరు చేసి చెప్పే అలవాటు లేదు. పాసా ఫెయిలా అన్నంతవరకే. బ్రిటన్‌లో ఎంఓటీ అని పిలిచే పరీక్ష 1960లో మొదలైంది. మూడేళ్లు దాటిన కార్లకు, బాగా పాతకాలపువి తప్ప, అది ఏటా తప్పనిసరి. 2018 మే 20 నుంచి అక్కడ లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీసి రాస్తున్నారు. మొదటి రెండిట్లో ఏది ఉన్నా ఫెయిలే. ప్రమాదకరం అని రాస్తే సరిచేసేదాకా ఆ బండిని నడపకూడదు, నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా. ఇవి కాక ఇప్పటికి పాసే గానీ త్వరలో చూసుకోండి అని సలహాగా రాసే అంశాలు వేరే ఉంటాయి. నంబరు కొడితే ఆ బండి పాత పరీక్షల ఫలితాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తాయి. అక్కడ చదువుకోవడానికి వెళ్లి, చౌకగా దొరికే పాత కారు కొనే మన విద్యార్థులకు ఇది చాలా ఉపయోగపడుతుంది. మూడేళ్లు వరసగా అడుగున తుప్పు పెరుగుతోంది అని సలహా రాసి ఉంటే, ఆ బండి ఎంత మెరుస్తున్నా కొనకపోవడమే మంచిది.

బ్రిటన్ పద్ధతిలోనూ ఓ చిక్కుంది. ఎంఓటీ పరీక్షలు ఎక్కువగా ప్రైవేటు గ్యారేజీలే చేస్తాయి, అవే రిపేర్లు కూడా చేస్తాయి. లోపం కనిపెట్టేవాళ్లకే దాన్ని బాగుచేస్తే డబ్బు వస్తుందంటే అనుమానం రావడం సహజం. అందుకే రిపేర్లు చేయకుండా పరీక్ష మాత్రమే చేసే మున్సిపల్ కేంద్రాలకు వెళ్లేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. మన దగ్గర పరీక్షించేవాళ్లు స్పేర్ పార్టులు అమ్మరు. యజమాని చేతిలో ఉన్న మంచి అవకాశం ఇది. రిపోర్టు తీసుకుని నచ్చిన షెడ్డుకు వెళ్లొచ్చు, ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లను అడగొచ్చు.

అడిగేటప్పుడు రెండు లిస్టులు వేరుగా ఉంచుకోవాలి. పరీక్షలో రాసినవి ఒకటి. ఎలాగూ విప్పుతున్నాం కదా అని మెకానిక్ చెప్పేవి రెండోది. రెండో లిస్టంతా మోసమేమీ కాదు. గేర్‌బాక్స్ దించినప్పుడు క్లచ్ ప్లేట్ మార్చడంలో అర్థం ఉంది, ఎందుకంటే లేబర్ చార్జీలో పెద్ద భాగం దించి ఎక్కించడానికే. ఏసీ, క్లచ్, టైమింగ్ బెల్ట్ వంటివి ఫిట్‌నెస్ పరీక్షలో భాగం కావు కాబట్టి వాటిని బడ్జెట్ చూసుకుని తర్వాత చేయించుకోవచ్చు. కానీ బ్రేకులు, స్టీరింగ్, టైర్లలో డబ్బు మిగుల్చుకోవాలని చూడకూడదు. బ్రేక్ ప్యాడ్లలో, బాల్ జాయింట్లలో డూప్లికేట్ సరుకు ఎక్కువ. పేరున్న కంపెనీ డబ్బాని విప్పేది కళ్ల ముందే చూడటం, తీసేసిన పాత పార్టులు అడిగి చూడటం, పార్టు పేరుతో బిల్లు తీసుకోవడం మర్యాద తక్కువ పనులు కావు. మంచి మెకానిక్ వాటికి నొచ్చుకోడు, అరిగిన ముక్కను తనే చేతిలో పెట్టి చూపిస్తాడు.

ఇక ఏ రిపేరూ పనికిరాని చోటు ఒకటుంది. బాడీకి అడుగున బరువు మోసే భాగాల్లో, సస్పెన్షన్ బిగించే చోట తుప్పు తినేసి చిల్లులు పడితే అది పెయింటుతో, పుట్టీతో కప్పే సంగతి కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన కార్లను లిఫ్ట్ మీదికి ఎత్తించి ముందు ఇదే చూడాలి. అక్కడ బాగాలేదని తేలితే టైర్లకూ ఇంజిన్‌కూ పెట్టే ఖర్చంతా వృథా. మిగతా కార్లకు లెక్క ఇలా వేసుకోవచ్చు: రిపేర్ల మొత్తానికి రెన్యూవల్ ఫీజు, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ కలిపి, దాన్ని రాబోయే ఐదేళ్లకు పంచాలి. ఏడాదికి వచ్చే ఆ మొత్తాన్ని ఇంకో కారు కొంటే కట్టాల్సిన ఈఎంఐలతో పోల్చి చూసుకుంటే, చాలా ఇళ్లకు పాత కారే చౌక అని తేలుతుంది.

వదిలేయాలనే నిర్ణయిస్తే మాత్రం వీధి చివరి పాత ఇనుము కొట్టుకు అమ్మేయకూడదు. బండి ముక్కలైపోయినా రికార్డుల్లో అది పాత యజమాని పేరు మీదే ఉంటుంది. ఆ నంబరు ప్లేటు ఇంకో బండికి తగిలించి ఎవరైనా వాడితే చలాన్లు, కేసులు వచ్చేది ఆ ఇంటికే. ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాన్ని చూపించి కొత్త సొంత కారు కొంటే రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలును 2021 నాటి కేంద్ర నిబంధనలు రాష్ట్రాలకు కల్పించాయి. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు రికార్డులో కనిపించేదాకా పాత ఆర్‌సీ కాపీ, ఆ సర్టిఫికెట్ కాపీ రెండూ భద్రంగా పెట్టుకోవాలి.